అందుబాటు

అందుబాటు అను మాట ప్రభుత్వ ప్రకటనలలో నేడు విరివిగ వాడబడుచున్నది. బియ్యము అందుబాటులో ఉన్నదందురు, మందులు అందుబాటులో ఉన్నవందురు, బస్సులు అందుబాటులో ఉన్నవందురు. కాని ఈ మాట పుట్టిన చోటు కార్యాలయము కాదు, ఇల్లు. అందుట చేతికి సంబంధించిన పని. ఉట్టిమీది చట్టి ఇల్లాలికి అందును. ఆమె పిల్లవానికి అందదు. నడుము వంగిన అత్తగారికి నిన్నటివరకు అంది నేడు అందకపోవచ్చును. ఉట్టి ఎత్తు మారలేదు, చట్టి ఉన్నచోటనే ఉన్నది. కావున అందుబాటు అనునది వస్తువునందుండు గుణము కాదు. వస్తువునకును మనిషికిని నడుమనుండు సంబంధము. దానిని తెలిసికొనవలెనన్నచో వస్తువును చూచినంత మాత్రమున చాలదు; చేయి చాచినవారిని అడుగవలెను.

మన నగరములలోని ప్రజారవాణాను గూర్చి మాటలాడునపుడు ఈ భేదమును తరచుగ విస్మరించుచున్నాము. బస్సులెన్ని, రూట్లెన్ని, మెట్రో ఎన్ని కిలోమీటర్లు, దినమునకు టిక్కెట్లెన్ని అని లెక్కించుచున్నాము. ఇవి అక్కరలేని లెక్కలని మేము అనము. కాని బస్టాపులో నిలిచిన స్త్రీ మనస్సులోని లెక్క వేరు. వచ్చునది నా బస్సేనా? నేను ఎక్కగలనా? ఎక్కిన పిదప పడిపోకుండ నిలువగలనా? దిగవలసినచోట దిగుటకు వ్యవధి నిత్తురా? ప్రొద్దుపోయిన తరువాత ఇదే దారిన ఇల్లు చేరగలనా? ఈ అయిదు ప్రశ్నలలో ఏ ఒక్కదానికి ‘లేదు’ అని సమాధానము వచ్చినను, పట్టికలో ఎన్ని బస్సులున్నను ఆమెకు అవి లేనట్లే.

పండితులు కూడ ఈ సంగతిని కొంత ఆలస్యముగనే గుర్తించినారు. 1959లో అమెరికాలో వాల్టర్ హాన్సెన్ అందుబాటునకు ఒక గణితసూత్రమును కట్టినాడు. ఒకచోటి నుండి ఎన్ని ఉద్యోగములకు, ఎన్ని అంగళ్లకు, ఎంత సులభముగ చేరవచ్చునో లెక్కించుట దాని సారము. నగరమును పటముపై చూచువారికి అట్టి లెక్క నేటికిని పనికివచ్చుచున్నది. అర్ధశతాబ్దము గడచిన పిదప స్వీడనులోని కార్ల్‌స్టాడ్ విశ్వవిద్యాలయమున కట్రిన్ లాట్‌మన్ మున్నగు పరిశోధకులు వేరొక మార్గము పట్టినారు. వారు పటమును ప్రక్కన బెట్టి ప్రయాణికులనే అడిగినారు: మీరు గడుపదలచిన జీవితమును ఈ రవాణాతో గడుపగలుగుచున్నారా అని. 2016లో ఆ కొలమానమును ప్రకటించిన పిమ్మట, 2018లో వారు మరియొక విషయమును వెల్లడించినారు. లెక్కలు చూపిన అందుబాటునకును, జనులు అనుభవించిన అందుబాటునకును పొంతన కుదురలేదు. పటము దగ్గర అన్నచోట మనిషి దూరమనుచున్నాడు. ఇది విదేశీయుల పరిశోధన. కాని ఇందలి సత్యము మన బస్టాపులలో నిత్యము కానవచ్చునదియే.

మార్గమును ప్రయాణికుని వైపు నుండి చూచుట తెలుగువారికి క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము నుండి బయలుదేరి కాశీకి పోయి, మరుసటి సంవత్సరము తిరిగివచ్చినారు. ఆయన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయినది. దానిని చదివినవారికి ఆయన పద్ధతి జ్ఞాపకముండును. ప్రతి మజిలీలోను నీరు మంచిదా, నీడ కలదా, సరకులు దొరకునా, దిగుటకు వసతి ఉన్నదా, దారి మోయువారికి సులువా కష్టమా అని ఆయన విచారించి వ్రాసినారు. ఆయన పల్లకిలో పోయిన గృహస్థుడు. మోసిన బోయీలు తమ యాత్రాచరిత్రను వ్రాసికొనలేదు. అయినను ఆ గ్రంథములో దారి అనగా ఆమడల లెక్క మాత్రమే కాదు. అలసిన శరీరమునకు అది ఎట్లుండునో అదియే. నేటి మన నగర ప్రణాళికలలో కొరవడినది ఆ దృష్టియే.

భాగ్యనగరమునే ఉదాహరణముగ తీసికొందము. 1932లో నిజాము రాష్ట్రమున ప్రభుత్వమే బస్సులను నడుప నారంభించినపుడు ఉన్న బస్సులు 27, సిబ్బంది 166 మంది. దేశమున రోడ్డు రవాణాను ప్రభుత్వము చేపట్టుటకు అది మార్గదర్శకమైనది. 1958లో అదియే ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగ రూపొందినది; 2014లో రాష్ట్రము విభజింపబడిన పిమ్మట సంస్థయు రెండైనది. ఈ తొమ్మిది దశాబ్దములలో బస్సు మన సంసారములో ఒక భాగమైపోయినది. పల్లెనుండి పట్టణమునకు చదువును, పట్టణమునుండి పల్లెకు మందులను, పెండ్లిపిలుపులను, చావు కబురులను మోసినది ఈ సంస్థయే. దానిని విమర్శించునపుడు ఈ ఋణమును మరచుట న్యాయము కాదు. కాని నాటి నగరము వేరు, నేటి నగరము వేరు. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి చుట్టివచ్చిన నగరమిది. పనిచేయుచోటు ఒకమూల, అద్దెకు ఇల్లు దొరకుచోటు వేరొకమూల. నడచి పోగలిగినవి తగ్గినకొలది బస్సు ఎక్కలేకపోవుటవలని నష్టము పెరుగుచున్నది.

ముందుగ మెట్టును గూర్చి చెప్పవలెను. కేంద్రప్రభుత్వము నగర బస్సులకు ఏర్పరచిన ప్రమాణములలో బస్సు అరుగు ఎత్తు మూడు విధములు: 400 మిల్లీమీటర్లు, 650 మిల్లీమీటర్లు, 900 మిల్లీమీటర్లు. మొదటిది సుమారు పదునారంగుళములు. చివరిది దాదాపు మూడడుగులు. లారీ చట్రముపై కట్టిన పాత తరహా బస్సుల ఎత్తు ఇంతకన్నను ఎక్కువ. పాతికేండ్ల యువకుడు ఒక చేత్తో కమ్మీ పట్టుకొని, కదలుచున్న బస్సులోనికి ఎగిరి ఎక్కును. అతనికి మెట్టు ఉన్నదను సంగతియే తెలియదు. మోకాళ్లనొప్పుల వృద్ధురాలు, నెలలు నిండిన గర్భిణి, చంకలో బిడ్డయు చేతిలో సంచియు ఉన్న తల్లి, చీర కుచ్చిళ్లు ఒక చేతను కమ్మీ వేరొక చేతను పట్టుకొనవలసిన ఇల్లాలు: వీరికి ఆ మొదటి మెట్టు ఒక గోడ. చక్రముల కుర్చీలోనున్నవారికి అది గోడ మాత్రమే కాదు, మూసిన తలుపు. మెట్టు ఎత్తును నిర్ణయించినవాడు ఏ ప్రయాణికుని తలచుకొని నిర్ణయించెనో ఆ ప్రయాణికునికే బస్సు అందును.

అరుగు తగ్గించినంతనే సమస్య తీరదు. బస్సు ఆగవలసినచోట ఆగుట రెండవ విషయము. షెల్టరు ఒకచోట, బస్సు ఆగునది దానికి నలుబది అడుగుల ముందో, రోడ్డు నడిబొడ్డుననో. షెల్టరు ఎదుట ఆటోలు, బండ్లు నిలిచియుండును. డ్రైవరు ప్రక్కకు తీసికొనలేడు. బస్సు కనబడగనే జనమంతయు పరుగెత్తును. ఈ పరుగులో ఎల్లపుడును ఓడిపోవువారు ఎవరో మనకు తెలియును. కాలిబాట మట్టమునకు బస్సు అరుగు చేరవలెనన్న ఉద్దేశముతో తయారైన బస్సు కూడ, కాలిబాటకు పది అడుగుల దూరమున ఆగినచో వట్టి ఎత్తైన బస్సే యగును. ఇందులో డ్రైవరును, కండక్టరును మాత్రమే నిందించుట సులభము, అన్యాయము. ట్రాఫిక్కు ఎట్లున్నను సమయమునకు ట్రిప్పు ముగింపవలెనను ఒత్తిడి వారిపై నున్నది. ‘రైట్ రైట్’ అని కండక్టరు తొందరపడుటకు అతని స్వభావము కాదు, అతని చేతిలోని టైము షీటు కారణము. ముసలివారు ఎక్కుటకు పట్టు అరనిమిషమును ఆ షీటులో వ్రాసిననాడు కండక్టరు మర్యాద తానే పెరుగును.

స్త్రీల ఉచిత ప్రయాణమును గూర్చి మౌనము వహించి ఈ విషయమును చర్చించుట సాధ్యము కాదు. తెలంగాణములో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకము ఆరంభమైనది. ఆంధ్రప్రదేశములో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకము ఆరంభమైనది. వీనిని ఎగతాళి చేయువారు కలరు. పనిలేకయే తిరుగుచున్నారని వారి ఆక్షేపణ. పురుషుడు పనిలేక తిరిగిన దినములను ఎవ్వరును ఎన్నడును లెక్కింపలేదు. ఇండ్లలో పాచిపని చేయు స్త్రీకి మిగిలిన బస్సు ఛార్జీ ఆమె కూలిలో ఒక భాగము. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి ఉన్నది: పుట్టింటికి పోవుటకో, ఆస్పత్రికి పోవుటకో భర్తనో కొడుకునో డబ్బు అడుగవలసిన అవసరము తప్పినది. ఈ చిన్న స్వాతంత్ర్యమును తక్కువగ ఎంచువారు దానికై ఎన్నడును చేయి చాపనివారు.

అయితే ఛార్జీ అను గోడ కూలినపుడు దాని వెనుకనున్న గోడలు కనబడుచున్నవి. బస్సులు తగినన్ని పెరుగక ప్రయాణికులు పెరిగినచో ఉచితమైనది ఎక్కుట యగును గాని కూర్చుండుట కాదు, ఒక్కొక్కపుడు నిలుచుట కూడ కాదు. వృద్ధులకు, వికలాంగులకు కేటాయించిన సీట్ల వరకు చేరుటయే ఒక ప్రయాణము. రద్దీలో స్త్రీ అనుభవించు అవమానములు టిక్కెట్టుపై అచ్చుకావు. మరియొక చిక్కు ఉన్నది. ఈ రెండు పథకములును ఆయా రాష్ట్రవాసులకు మాత్రమే. ఆధారు కార్డులో గుంటూరో శ్రీకాకుళమో ఉన్న కూలి స్త్రీ భాగ్యనగరములో ఎన్నియేండ్లనుండి ఇటుకలు మోయుచున్నను జీరో టిక్కెట్టునకు అర్హురాలు కాదు. ఖమ్మముజిల్లా చిరునామా గల స్త్రీ విజయవాడలో అట్లే. ఒకే బస్సులో, ఒకే పనికి పోవు ఇద్దరిలో ఒకరికి అందినది మరియొకరికి అందకుండుటకు కారణము ఒక కాగితములోని ఊరిపేరు. పొట్టకూటికై ఊరు విడిచినవారి విషయమున రెండు ప్రభుత్వములు కూర్చుండి ఆలోచింపవలసియున్నది.

మెట్రో కథ వేరు. 2017 నవంబరులో మియాపూరు, నాగోలుల నడుమ ఆరంభమై, 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గములతో దాదాపు 69 కిలోమీటర్లు విస్తరించినది. అందులో లిఫ్టులున్నవి, అంధులకు దారి చూపు గరుకు పలకలున్నవి, రాబోవు స్టేషను పేరు వినిపించును, బండి అరుగును, స్టేషను అరుగును దాదాపు ఒకే మట్టమున నుండును. వికలాంగుడు ఇతరుల చేయూత లేకుండ ప్రయాణము చేయగల రవాణా అసాధ్యము కాదని ఈ నగరమే నిరూపించినది. ఇది చిన్న విషయము కాదు. కాని లిఫ్టు వరకు చేరుట ఎట్లు? స్టేషను ఆకాశమున ఉన్నది, మనిషి రోడ్డుకు ఆవలిప్రక్క నున్నాడు. నడుమ వాహన ప్రవాహము. ఈవల పగిలిన కాలిబాట, దానిపై మోటారు సైకిళ్లు, ట్రాన్స్‌ఫార్మరు, మూతలేని మురుగుగుంట. లోపల నున్నగ పరచిన దారి బయట మొదటి అడుగుతోనే తెగిపోవుచున్నది. గొలుసు బలము దాని బలహీనమైన కొలికిలో నుండునను మాట ప్రయాణమునకు వర్తించినంతగ మరి దేనికిని వర్తింపదు.

మెట్రో ఎక్కడ ఆగినదో కూడ చూడవలెను. జూబ్లీ బస్ స్టేషను నుండి బయలుదేరు మార్గమును ఫలక్‌నుమా వరకు నిర్మింపవలెనని మొదట తలచినారు. 2020లో అది మహాత్మాగాంధీ బస్ స్టేషను వద్ద ఆగినది. మూసీకి ఆవలి పాతనగరమునకు పోలేదు. ఆ పొడిగింపునకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగినది. నగరమునకు పేరు తెచ్చిన చార్మినారు వాకిట నివసించువారు, నగరపు క్రొత్త రవాణాను ఇన్నియేండ్లు ఏటి ఆవలి గట్టునుండి చూడవలసివచ్చినది. దీనివలన కలుగు నష్టము నిమిషములలో మాత్రమే కొలువబడునది కాదు. ‘ఇది మనకొరకు కాదు’ అను భావము ఒక పేటలో స్థిరపడినచో, తరువాత రైలు వచ్చినను ఆ భావము వెంటనే పోదు. పైగా 2025లో మెట్రో ఛార్జీలు పెరిగినవి. రాయదుర్గములో కంప్యూటరు ఉద్యోగము చేయువానికి అది పట్టని పెంపుదల. అదే భవనమున నేల తుడుచువానికి అది రైలునుండి దిగి షేర్ ఆటో ఎక్కుటకు కారణము.

ఇక తెలియుట అను విషయము. అక్షరములు రానివారు బస్సును అంకెతో గుర్తింతురు. నలుబదితొమ్మిది ఎం అనగా మెహిదీపట్నము, రెండువందల పదునెనిమిది అనగా పటాన్‌చెరువు అని వారికి కంఠస్థము. బోర్డు చిన్నదైనను, దుమ్ము పట్టినను, రాత్రి దీపము వెలుగకున్నను ఆ కొద్దిపాటి విద్య కూడ పనికిరాదు. చూపులేనివారు ప్రతి బస్సు వచ్చినపుడును ప్రక్కవారిని అడుగవలెను. ప్రక్కన ఎవ్వరును లేనపుడు డ్రైవరును కేకవేయవలెను. వినికిడి లేనివారికి కండక్టరు అరపు వినబడదు. బస్సు ఎక్కడ నున్నదో నేడు చేతిఫోనులో చూడవచ్చుననుట నిజమే. కాని ఆ ఫోను లేనివారే బస్సుపై ఎక్కువగ ఆధారపడువారు. సమాచారము బస్సుపైనను, బస్టాపు గోడపైనను, పెద్ద అక్షరములలోను, వినబడు మాటలోను ఉండవలెను. ఫోను దానికి తోడు కావలెనే గాని బదులు కారాదు.

చట్టములు లేవా యన్నచో, ఉన్నవి. 1995లో ఒక చట్టము వచ్చినది. 2015 డిసెంబరులో కేంద్రప్రభుత్వము సుగమ్య భారత్ ఉద్యమమును ఆరంభించినది. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము బస్టాపులు, రైల్వేస్టేషనులు, వాహనములు అందరికి అనువుగ నుండవలెనని 41వ సెక్షనులో స్పష్టముగ చెప్పుచున్నది. అయినను దానిక్రింద చేసిన నియమములు సలహాల వలె నున్నవే గాని శాసనముల వలె లేవని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తీర్పు చెప్పినది. తప్పక పాటింపవలసిన కనీస ప్రమాణములను మూడు నెలలలో రూపొందింపుమని కేంద్రమును ఆదేశించినది. ఆ తీర్పునకు ఆధారముగ నిలిచిన నివేదికను సిద్ధపరచినది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయమునకు చెందిన వికలాంగ అధ్యయన కేంద్రమే. దేశమునకు దారి చూపిన నివేదిక వెలువడిన నగరములో, ఆ నివేదికను చదివిన వికలాంగుడు సిటీబస్సు ఎక్కి కోఠీకి పోగలుగుట న్యాయమైన కోరిక.

‘ఇట్టివారు ఎందరున్నారు? బస్సులలో మాకు కనబడుటలేదే!’ అని కొందరందురు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారు కనబడకుండుట వారు లేరనుటకు సాక్ష్యము కాదు, రాలేకపోవుచున్నారనుటకు సాక్ష్యము. టిక్కెట్టు యంత్రము ఎక్కినవారిని లెక్కించును. ఎక్కలేక వెనుకకు మరలినవారిని లెక్కింపదు. అందని ద్రాక్షపండ్లు పుల్లన అని నక్క అన్నదని నవ్వుదుము. కాని ఈ విషయమున అది నవ్వదగినది కాదు. ‘నాకిప్పుడు గుడికెందుకులే’, ‘చెల్లెలిని చూడకపోయినచో ఏమి, ఫోనులో మాటలాడుచున్నాను గదా’, ‘ఆ డాక్టరు వద్దు, సందు చివర కంపౌండరు చాలును’ అని వృద్ధులు అనుచుందురు. వారి కోరికలు చావలేదు. బస్సు అందుకొనలేక కోరికలనే కురచ చేసికొన్నారు. ఫిర్యాదు పెట్టెలో వారి చీటీ ఉండదు. పెట్టె ఖాళీగ నున్నదని అధికారులు సంతోషించుట తగదు.

డబ్బు ఎక్కడిది అను ప్రశ్న సహజమే. రవాణా సంస్థల ఆర్థిక స్థితి ఎట్టిదో అందరెరిగినదే. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు యాభై దినములకు మించి చేసిన సమ్మెను ఎవ్వరును మరువలేదు. కాని పైన చెప్పిన వానిలో అన్నియు కోట్లతో కూడినవి కావు. షెల్టరు ఎదుట బండ్లు నిలువకుండ చూచుటకు, బోర్డు అంకెలను పెద్దవి చేయుటకు, ముసలివారు కూర్చుండువరకు బస్సును కదలింపరాదను నియమమునకు కావలసినది ధనము కాదు, పట్టుదల. క్రొత్తగ కొను ప్రతి బస్సును తక్కువ ఎత్తు బస్సుగ కొనుటకు కొంత వ్యయమగును. కాని నేడు కొన్న ఎత్తైన బస్సు పదియేండ్లకు పైగ రోడ్డుపై నుండునని, అన్నియేండ్లును ఆ మెట్టు అట్లే యుండునని మరువరాదు. వికలాంగునికై తగ్గించిన మెట్టు మూటతో వచ్చిన కూరగాయల అమ్మికి, పసిబిడ్డ తల్లికి, కాలు బెణికిన విద్యార్థికి కూడ తగ్గును. అరుగు తగ్గినందున నష్టపడు ప్రయాణికుడు ఒక్కడును లేడు.

అన్నిటికన్న ముందు చేయవలసినది అడుగుట. సంవత్సరమున కొకమారైనను ప్రతి డిపో పరిధిలోను, ఎక్కినవారిని మాత్రమే కాక ఎక్కని వారిని కూడ, ఇండ్లకు పోయి అడుగవలెను: మీరు పోదలచి పోలేకపోయిన చోటు ఏది? ఏమి అడ్డు వచ్చినది? రాత్రి షిఫ్టు ముగించు నర్సును, తెల్లవారకముందే బయలుదేరు పారిశుద్ధ్య కార్మికురాలిని, చేతికర్రతో నడచు పింఛనుదారుని అడుగవలెను. వచ్చిన సమాధానములను బస్సుల సంఖ్య ప్రక్కననే ప్రకటింపవలెను. మా రచయితలకు కూడ ఇందొక పని కలదు. బస్సు ప్రయాణము పై కథలు మనకు కొదువలేదు. బస్సు తప్పిపోయినవారి కథలు, దాని కొరకు బయలుదేరుటయే మానివేసినవారి కథలు కొదువగ నున్నవి.

రెండు రాష్ట్రములలోను నగరములకై క్రొత్త బస్సులను కొనుచున్నారు, క్రొత్త మెట్రో మార్గములను తలపెట్టుచున్నారు. సంతోషమే. టెండరు కాగితముపై సంతకము చేయుటకు ముందు అధికారులు ఒక్క దినము, కారు విడిచి, ఉదయము తొమ్మిది గంటలకు డెబ్బదియేండ్ల స్త్రీ వెంట ఆమె ఇంటి గడప నుండి బయలుదేరి, ఆమె నడచు వేగముననే నడచి, ఆమె ఎక్కగల బస్సుననే ఎక్కి, ఆమెతోపాటు పెద్దాస్పత్రి వాకిటి వరకు పోయి రావలెనని కోరుచున్నాము. ఏ నివేదికయు చెప్పజాలని విషయములు ఆ ఒక్క ప్రయాణమున వారికి తెలియునని మా విశ్వాసము.